నాలిక చూసిన సబ్బు

సింహాచలమ్మ నాలిక మీద నమ్మకంతోనే భిలాయి మరోదా సెక్టారులో సగం ఇళ్లవాళ్లు ఒళ్లు తోముకునేవారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ ఉన్నమాటే. ఆవిడా, కోడలు కుముదినీ కలిసి క్వార్టరు పెరట్లో ఇప్పనూనె సబ్బు చేసి అమ్మేవారు. ఇప్పనూనె, కొబ్బరినూనె, వేపాకు రసం, కాస్తంత పసుపు. ఇవన్నీ మంచివే. వీటిని సబ్బుగా మార్చే కాస్టిక్ సోడా మాత్రం మంచిది కాదు. నీళ్లలో పడితే పొయ్యి లేకుండానే నీళ్లు మరుగుతాయి, చేతిమీద పడితే తోలు ఊడుతుంది. అది నూనెతో కలిసి, అచ్చుల్లో గడ్డకట్టి, వెదురు తడకల మీద ఆరగా ఆరగా ఆ కాల్చే గుణం పోయి సబ్బు చల్లబడుతుంది. చల్లబడిందో లేదో చెప్పడానికి ఆ ఇంట్లో ఉన్న సాధనం ఒక్కటే, అది ముసలావిడ నోట్లో ఉంది.

తడక మీంచి ఒక బిళ్ల తీసి, కత్తితో మూల చెక్కి, ఆ పలుకుని నాలిక కొసన పెట్టుకుని కళ్లు మూసుకునేది. పచ్చిదైతే సుర్రుమనేది. థూ అని ఊసేసి, "ఇంకా కసిగా ఉండాది, ఉండనీ" అనేది. ఏమీ అనకపోతే, "పండినాది, తీసీ" అనేది. ఆ మాట వస్తేనే సబ్బు గడప దాటేది.

పక్క క్వార్టరు వరలక్ష్మమ్మకి మడీ ఆచారం ఎక్కువ. "ఎంగిలి సబ్బుతో మడిబట్ట తడిపితే మడి ఉంటుందా సింహాచలమ్మా?" అని ప్రతిసారీ అడిగి, ప్రతిసారీ నాలుగు బిళ్లలు కొనుక్కుపోయేది.

"నా ఎంగిలి సెక్కిన పలుక్కేనమ్మా, నీ బిళ్లకి కాదు. ఒకేళ తగిలినా మంచిదేనే, మీ ఆయన కాసింత తెల్లబడతాడు" అనేది సింహాచలమ్మ, చుట్ట పక్కకి తోసి నవ్వుతూ.

ఆ చుట్ట గురించి చెప్పాలి మరి. శ్రీకాకుళం పల్లెల్లోంచి వచ్చిన ఆడవాళ్లలో ఆ కాలంవాళ్లకి అడ్డపొగ అలవాటు. చుట్ట ముట్టించి, వెలిగే కొసని నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి పీలుస్తారు. నిప్పు లోపల, చల్లని కొస బయట. పిల్లకి పాలిస్తున్నా, పొయ్యి ఊదుతున్నా, వరినాట్లు వేస్తున్నా నిప్పురవ్వ రాలదు, ఎవరి మీదా పడదు. సింహాచలమ్మ పెళ్లికి ముందే నేర్చింది. నోట్లో నిప్పుని నాలికతో ఇటూ అటూ దొర్లించుకుంటూ, అంగుడు కాలకుండా, మాట ఆగకుండా రోజంతా గడిపేది. నాలికకి అంత నేర్పు ఉండబట్టే సబ్బు చూడగలుగుతోందని సెక్టారులో చెప్పుకునేవారు.

ఉక్కు కార్ఖానా కట్టిన కొత్తలో మొగుడి వెంట రైలెక్కి వచ్చింది భిలాయికి. ఆయన బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పని. ఇంటికొస్తే కళ్లూ పళ్లూ తప్ప మనిషి కనబడేవాడు కాదట. బజారు సబ్బు ఏదీ ఆ మసిని వదిలించలేకపోతే, పల్లెలో చాకిళ్లు సబ్బు వండే పద్ధతి గుర్తుతెచ్చుకుని, ఇక్కడ అడవిమనుషులు అమ్మే ఇప్పనూనెతో తానే వండింది. ఆ సబ్బుకి మసి వదిలింది, ఒళ్లు మెత్తబడింది, పక్కవాళ్లు అడిగారు. అలా మొదలైంది. మొగుడు పోయాక అదే ఆవిడకి ఊపిరయింది. కోడలు వచ్చాక అచ్చులూ, తడకలూ, పెరట్లో రేకుల పాకా వచ్చాయి. దగ్గరి ఊరు ఉతైలో దుకాణం పెట్టుకున్న శ్యామసుందర్ పెట్టెల్లో పట్టుకెళ్లి సంతలో అమ్మడం మొదలుపెట్టాడు. అతను సంతలో అరిచే అరుపు ఒక్కటే: "దాదీ కీ జుబాన్ కా సాబున్!" మామ్మ నాలిక చూసిన సబ్బు అని.

కుముదిని కాపురానికొచ్చిన కొత్తలో ఓసారి సరదాకి తానూ ఒక పలుకు చెక్కి నాలిక మీద పెట్టుకోబోయింది. అత్త చెయ్యి పట్టుకుంది.

"ఒలే, ఒద్దు. సబ్బుకి ఒక్క నాలికే ఉండాల. రెండు నాలికలైతే రెండు మాటలొస్తాయి. నా తరవాత నువ్వు సూద్దువు గాని."

కోపంగా అన్న మాట కాదది, ముద్దుగానే అంది. కుముదిని మరెప్పుడూ పెట్టుకోలేదు. తన కూతురు భాగ్యరేఖ పుట్టి, పెరిగి, పెళ్లయి, తొలిచూలు పురిటికి ఇంటికొచ్చే దాకా కూడా ఆ మాట దాటలేదు.

ఆ సంవత్సరమే పులుసులో ఉప్పు పెరగడం మొదలైంది.

వంట ఎప్పుడూ కుముదినిదే. పులుసు మాత్రం సింహాచలమ్మ కాచేది. మొదట్లో కొంచెం ఎక్కువైంది, సర్దుకున్నారు. తర్వాత నోట పెట్టుకోలేకపోయారు.

"అమ్మా, ఇది పులుసా, నమక్ కా పహాడా?" అన్నాడు త్రినాథరావు. కుముదిని మొగుడు, సింహాచలమ్మకి ఒక్కడే కొడుకు. రైల్ మిల్లులో పని.

"మీ నోళ్లు సప్పబడిపోనాయిరా. నాకు సరిపోనాది" అంది తల్లి. ఇంకో చిటికెడు వేసుకుంది.

అందరూ నవ్వారు. కుముదిని కూడా నవ్వింది గానీ నవ్వు సగంలో ఆగింది. అత్త ఎన్నోసార్లు చెప్పిన కథ ఒకటి గుర్తొచ్చింది. సింహాచలమ్మకి కోటమ్మ అని ఒక అప్ప ఉండేది. ఆవిడదీ అడ్డపొగే. చివరి రోజుల్లో ఆవిడ ఏది పెట్టినా "ఉప్పు నేదు, కారం నేదు" అని ఏడ్చేదట. నోరు తెరిపించి చూస్తే లోపల అంగుడంతా తెల్లగా, ముగ్గుపిండి చల్లినట్టు ఉండేదట. "నోట్లో పువ్వు పూసినాది మా అప్పకి. ఆ పువ్వే తినేసినాది" అని చెప్పేది సింహాచలమ్మ. ఆ కథ చెప్పేటప్పుడు చుట్ట తీసి పక్కన పెట్టేది. అయిపోగానే మళ్లీ పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం ముసలావిడ పెరట్లో నీడన కూర్చుని వేపాకు దూస్తోంది. నోట్లో చుట్ట ఉంది. మునుపటిలా బుగ్గ కదలడం లేదు, నిప్పు అటూ ఇటూ దొర్లడం లేదు, ఒకచోటే ఉండిపోయింది.

"ఒలే కుముదినీ, నా సుట్ట ఆరిపోనాదేటే?"

కుముదిని తలెత్తి చూసింది. అత్త ముక్కులోంచి పొగ సన్నగా వస్తూనే ఉంది.

"పొగొస్తోంది కదత్తా."

"ఓహో. మరి నాకేటీ తెలీనేదు" అని నవ్వి, మళ్లీ వేపాకులో పడింది.

కుముదిని ఆవిడ్ని నోరు తెరవమని అడగాలనుకుంది. తెరిస్తే తెల్లగా కనిపిస్తే? కనిపిస్తే కోటమ్మ కథ ఇంట్లోకొస్తుంది. ఆ నాలిక చూసి ఇన్నాళ్లూ అమ్మిన సబ్బు మాటో? అడగలేదు. చేతిలో పని ఉందని తనకి తానే చెప్పుకుంది.

ఆ రాత్రి మొగుడితో అంటే, "పెద్దవయసు, అంతే. సెక్టార్ నైన్ హాస్పిటల్‌కి పట్టుకెళ్దాం, భాగ్య పురుడు అయిపోనీ" అన్నాడు. పురుడు అయింది. ఆడపిల్ల. వేడినీళ్లూ, కాయం, పాలూ, చుట్టాలూ. ఆ గొడవలో హాస్పిటల్ మాట వెనక్కిపోయింది.

ఆ వానాకాలంలోనే దుర్గ్‌లో వాళ్లకి కాస్టిక్ ఇచ్చే కొట్టు మూసేశారు. ఆ కొట్టువాడి గోనె ఎప్పుడూ మూతి విప్పే ఉండేది. సరుకు చెమ్మ లాగి ముద్దకట్టేది, సగం బలం గాలికే పోయేది. అందుకని సింహాచలమ్మ లెక్కలో గ్లాసు కొలతపైన ఒక కొబ్బరిచిప్పెడు అదనం. "సెమ్మకి" అని వేసేది. ఎప్పట్నుంచో అలవాటు. త్రినాథరావు ఈసారి హథ్‌ఖోజ్‌లో ఇనప సామాన్లు కడిగే ఒక చిన్న కార్ఖానా నుంచి సీలు వేసిన డబ్బా తెచ్చాడు. మూత తీస్తే లోపల రేకులు పొడిగా, గలగల్లాడుతూ ఉన్నాయి.

సింహాచలమ్మ గ్లాసుతో కొలిచింది. ఆపైన చిప్పతో తీసి, "సెమ్మకి" అంటూ వేసేసింది.

నీళ్లు గప్పున పొంగాయి. ఘాటుకి కుముదిని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది. "అత్తా, ఇది పొడి సరుకు కదా. దీనికి చెమ్మేదీ?"

"యాభై ఏళ్ల బట్టీ ఏస్తన్నాను. ఎక్కువైతే నా నాలికి సెప్పదేటి?"

నిజమే. ఎక్కువైతే నాలిక చెబుతుంది. కుముదిని కలియబెట్టే కర్ర అందుకుంది.

ఆ సబ్బు పుట్టిన దగ్గర్నుంచీ తేడాగానే ఉంది. అచ్చులో పోస్తుండగానే బిగిసింది. కోస్తే మెత్తగా తెగాల్సింది పోయి సుద్దముక్కలా పెళుసుగా విరిగింది. తడక మీద ఆరేసిన రోజుల్లో బిళ్లల మీద తెల్లటి బూడిద లేచింది. కార్ఖానా నుంచి పడే ఎర్రదుమ్ము దానిమీద పడి, తుడిస్తే పోకుండా పట్టేసింది. ఓ బల్లి తడక మీంచి పాకబోయి ఆగి, వెనక్కి తిరిగిపోయింది. కుముదిని చూస్తూ నిలబడింది.

మామూలుగా వానల్లో సబ్బు పండడం ఆలస్యం. ఆ విడత మాత్రం ఎప్పుడూ లేనంత తొందరగా పండిపోయింది. సింహాచలమ్మ మూల చెక్కింది, నాలిక మీద పెట్టుకుంది, కళ్లు మూసుకుంది. చాలాసేపు ఉంది.

"పండినాది" అంది ముసలావిడ. "సల్లగా, ఎన్నలాగ ఉండాది. ఇంత తొరగా ఎప్పుడూ పండనేదు. ఈ డబ్బా సరుకు మంచిదే."

పలుకు ఊసినప్పుడు దానితో పాటు ఇంకేదో తెల్లటి పొర పడింది. నేలమీద తడిలో అది సబ్బు నురగో, మరేదో కుముదినికి తెలియలేదు. నీళ్లు కొట్టేసింది.

బారసాల రోజు పొద్దున్నే శ్యామసుందర్ స్కూటరు గేటు దగ్గర ఆగింది. ఉతైలో ఆ రోజే సంత.

"దీదీ, మాల్ రెడీనా? జనం అడుగుతున్నారు, దాదీ సబ్బు లేదంటే నన్ను కొడతారు."

"ఇంకో వారం ఉంచితే బావుండును తమ్ముడూ" అంది కుముదిని.

"ఏటే ఉంచీది?" లోపల్నుంచి సింహాచలమ్మ గొంతు. "నా నాలికి పండినాదంటే నీకేటి ఇంకా? పట్టుకెళ్లరా సామసుందరం. ఒక్క బిళ్ల ఒగ్గీ. నా మునిమనవరాలికి ఇయాళే తొలి సబ్బుసానం."

అదీ సంగతి. పుట్టిన దగ్గర్నుంచీ పిల్లకి మీగడా, సున్నిపిండీతోనే ఒళ్లు రుద్దారు. పేరుపెట్టే రోజున మాత్రం మామ్మ సబ్బుతో, మామ్మ చేత్తో స్నానం. భాగ్యరేఖకీ అలాగే చేశారు, త్రినాథరావుకీ అలాగే. మధ్యాహ్నానికి రాయ్‌పూర్ నుంచి భాగ్యరేఖ అత్తవారు వస్తారు.

శ్యామసుందర్ పెట్టెలు కట్టుకుని వెళ్లిపోయాడు. కుముదిని గడపకి పసుపు రాయడానికి కూర్చుంది. బాత్రూంలో పీట వేసుకుని, కాళ్లు చాపుకుని, చీర మోకాళ్ల దాకా లాక్కుని ముసలావిడ సిద్ధంగా ఉంది. భాగ్యరేఖ పిల్లని తీసుకెళ్లి ఆ కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టింది.

"మామ్మా, ధీరే సే, హా! పాప చాలా నాజూకు."

"నాజూకు మీ అమ్మ. నిన్నూ ఈ కాళ్ల మీదే తోమినాను. అరిసి సెక్టారంతా లేపీసీదానివి. పో, తువ్వాలు తే."

గడప మీద ఓ మూల, పెట్టెలు కట్టేటప్పుడు రాలిన సబ్బు ముక్కొకటి పడి ఉంది. కాలికింద పడుతుందని కుముదిని పసుపు చేత్తోనే దాన్ని తీసింది. తడి పసుపు తగలగానే సబ్బు ఎర్రబడింది. ఏ సబ్బు తగిలినా పసుపు ఎరుపెక్కుతుంది, అది ఆడవాళ్లందరికీ తెలిసిందే. ఇది మాత్రం అంతటితో ఆగలేదు. చూస్తుండగానే చిక్కబడి, నల్లటి ఎరుపయింది. దిష్టినీళ్లలో సున్నం ఎక్కువైనప్పటి రంగు. చేతులు బకెట్లో ముంచింది. వేళ్లు జారుతున్నాయి. కడిగే కొద్దీ జారుతున్నాయి. సబ్బు జారడం కాదు అది, తోలే కరిగి జారుతోంది.

లోపల పిల్ల ఏడ్చింది. నీళ్లు పోయగానే ఏడ్చే ఏడుపే.

కుముదిని ముక్కని చేతిలో పట్టుకుని చూసింది. సబ్బుకి ఒక్క నాలికే ఉండాల. ఇన్నేళ్లూ దాటని మాట. దాటితే ఏమవుతుందో తెలుసు: రెండు మాటలొస్తాయి, అందులో ఒకటి అబద్ధమవుతుంది.

ముక్కని నాలిక కొసకి తాకించింది.

కరెంటు తీగ పట్టుకున్నట్టయింది. తల వెనక దాకా కొట్టింది. నోట్లో నిప్పూ, తుప్పూ కలిపిన రుచి. ఊసింది, మళ్లీ ఊసింది, నీళ్లు పుక్కిలించింది, పోలేదు. లోపల పిల్ల ఏడుపు మారింది. గొంతు సన్నబడి, ఊపిరి అందకుండా ఒకటే కీచు.

"ఏడనీ, ఏడనీ" అంటోంది సింహాచలమ్మ. "ఏడిత్తేనే గొంతు బలం."

"అత్తా! ఆపు!"

కుముదిని తలుపు తోసుకుని వెళ్లేసరికి ముసలావిడ పాదాల దగ్గర్నుంచి మొదలుపెట్టింది. అదీ పద్ధతే, తొలిస్నానం కాళ్లనుంచి పైకి. చిన్నారి పాదాల నిండా తెల్లటి నురగ. నురగ పట్టిన చెయ్యి పిల్ల నడుము మీదికి వెళుతోంది. కుముదిని ఆ చేతిని తోసేసి, పిల్లని లాక్కుని కుళాయి కింద పెట్టింది. నీళ్లు పోస్తూనే ఉంది. భాగ్యరేఖ తువ్వాలుతో వచ్చి, "మమ్మీ, క్యా హువా? ఏమైంది? పాపకేమైంది?" అని అరుస్తోంది. నురగ పోయాక పాదాలు కనిపించాయి. చీలమండల దాకా ఎర్రగా, పారాణి పెట్టినట్టు.

సింహాచలమ్మ కాళ్లు చాపుకునే ఉంది. ఆవిడ మోకాలి కిందా, అరచేతుల్లోనూ అదే ఎరుపు. ఆవిడ చూసుకోలేదు.

"ఏటే? ఏటయినాది?"

"కసిగా ఉందత్తా. పచ్చి కసి."

"నాను సూసినాను కదే."

ముసలావిడ కోడలి మొహం చూసింది. కోడలి పెదవి చివర ఎర్రగా కమిలి ఉండడం చూసింది. అది ఎలా వచ్చిందో అర్థమైంది. ఆవిడ మొహంలో కోపం రావలసిన చోట ఏమీ రాలేదు.

హాస్పిటల్లో పిల్ల పాదాలకి మందు రాసి, గుడ్డ చుట్టి, పైపైనే కాలింది, మానిపోతుంది అన్నారు. ఇంకొంచెం సేపు ఉండి ఉంటే, ఇంకొంచెం పైకి, మొహం దాకా వెళ్లి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి, భాగ్యరేఖని చూసి మానేసింది. అమ్మకం ఆపించడానికి త్రినాథరావు అక్కణ్నుంచే స్కూటరు ఉతై వైపు తిప్పాడు. సంత అప్పటికి సగం సాగి ఉంటుంది. నాలిక చూసిన సబ్బని అరుపు వినిపిస్తుంటే జనం ఆగి కొంటూ ఉంటారు. వాళ్లలో ఎవరి ఇంట్లో పసిపిల్లలున్నారో ఎవరికి తెలుసు?

కుముదిని కూతుర్నీ, మనవరాల్నీ పడుకోబెట్టి పెరట్లోకి వచ్చింది. ఎండ వాలుతోంది. షిఫ్టు సైరను మోగింది. తడకలన్నీ ఖాళీ. వాటి పక్కన నేలమీద సింహాచలమ్మ కూర్చుని ఉంది. ముందు కత్తి ఉంది, పిల్ల స్నానానికి ఉంచిన బిళ్ల ఉంది. బిళ్లకి మూలలు లేవు. నాలుగు మూలలూ చెక్కేసి, అంచులు చెక్కేసి, మధ్యకొచ్చింది. పలుకులన్నీ చుట్టూ తడిగా పడి ఉన్నాయి.

"అత్తా, ఏం చేస్తున్నావు? చాలు."

"సూత్తన్నాను" అంది. మాట ముద్దగా వచ్చింది. "మంట ఏడ దాగినాదో సూత్తన్నాను. దొరకట్నేదు."

కుముదిని పక్కన కూలబడి ఆవిడ గడ్డం పట్టుకుంది. ఇన్నాళ్లూ అడగనిది అడగకుండానే నోరు తెరిపించింది. నాలిక పొక్కిపోయి ఉంది, అది ఈ పూట సంగతి. పైన అంగుడు మాత్రం తెల్లగా ఉంది. ముగ్గుపిండి చల్లినట్టు. నడుమ ఒకచోట తెలుపు పైకి లేచి, రేకులు విప్పుకుంటోంది.

కుముదిని చెయ్యి తీసేసింది. ముసలావిడ నోరు మూసుకుంది. "కోటమ్మప్ప పువ్వేనా?" అని అడిగింది. జవాబు కోసం ఆగలేదు. రొంటిన ఉన్న చుట్ట తీసి, ముట్టించి, వెలిగే కొస నోట్లో పెట్టుకుని పెదవులు మూసింది. వద్దని కుముదిని చెయ్యి సాచింది గానీ చుట్ట లాక్కోలేదు.

ఇద్దరూ గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. ఉతై నుంచి స్కూటరు ఇంకా రాలేదు. ముసలావిడ ముక్కులోంచి పొగ సన్నగా, ఆగకుండా వస్తోంది.

"ఒలే కుముదినీ" అంది కాసేపటికి, చిన్నపిల్ల అడిగినట్టు. "ఇది ఎలుగుతుందేటే, ఆరిపోనాదేటే? నువ్వే సెప్పు."